పన్నెండేళ్లు మోసిన తప్పు పేరు: తల, మెడ మీద వచ్చే రక్తనాళాల గడ్డల గురించి

మా మేనకోడలి ఆస్పత్రి ఫైలు మొదటి పేజీలో ఒకే ఒక్క పదం ఉండేది. హెమాంజియోమా. అది రాసేనాటికి పిల్లకి రెండేళ్లు. ఎడమ చెంప మీద, దవడ మూల దగ్గర, ఉసిరికాయంత మెత్తటి ఉబ్బు. "పుట్టుకతో వచ్చే రక్తపు గడ్డమ్మా, ఐదేళ్లు వచ్చేసరికి దానంతటదే కరిగిపోతుంది, ముట్టుకోకండి" అన్నారు. అక్క నమ్మింది. ఐదేళ్లకి పోలేదు. ఎనిమిదేళ్లకి పోతుందిలే అనుకుంది. మధ్యలో ఒకరు గవదబిళ్ళలన్నారు. ఇంకొకరు పన్ను పుచ్చి చీము పట్టిందని యాంటీబయోటిక్స్ రాశారు. ఊళ్లో ఎవరో పసరు కట్టు కట్టిస్తే తగ్గుతుందంటే అదీ కట్టించింది. పిల్లకి పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆ ఉసిరికాయ నిమ్మకాయంతైంది. ఏ ఫోటోలో చూసినా కుడి చెంప మాత్రమే కనబడేలా నిలబడుతోందని గమనించాక ఇక ఆగలేక విశాఖపట్నం తీసుకొచ్చాం.

కలెక్టరాఫీసు దగ్గర ఒక స్కానింగ్ సెంటర్లో రేడియాలజిస్టు మేడమ్ పిల్లని వెంటనే బల్ల మీద పడుకోబెట్టలేదు. ఎదురుగా నిలబెట్టి, "అమ్మా, నీ కాలి వేళ్లు లెక్కపెడుతున్నట్టు తల బాగా కిందికి వంచు. నేను చెప్పేదాకా లేవకు" అన్నారు. అర నిమిషం గడిచింది. పిల్ల తల ఎత్తేసరికి చెంప నిండుగా ఉబ్బి ఉంది. చర్మం కింద లేత నీలం రంగు తేలింది. కూర్చోబెట్టి కాసేపు మాట్లాడించేలోగా ఆ ఉబ్బు మళ్లీ మెల్లగా దిగిపోయింది. పన్నెండేళ్లలో ఒక్కరు కూడా పిల్లని తల వంచమనలేదు.

తర్వాత స్కాన్. ప్రోబ్ నొక్కితే తెర మీద నల్లటి గుంటలు అణిగిపోయాయి. వదిలితే మళ్లీ నిండాయి. రక్తం ఎటు పారుతోందో రంగుల్లో చూపించే డాప్లర్ బటన్ వేస్తే రంగు దాదాపు రాలేదు. ఒక గుంటలో తెల్లటి గింజ, దాని వెనక నల్లటి నీడ. "ఈ గింజ చూశారా? నిలవ ఉన్న రక్తం గడ్డకట్టి, సున్నం పట్టి రాయిలా మారింది. ఫ్లెబోలిత్ అంటాం. ఇది హెమాంజియోమా కాదమ్మా, వీనస్ మాల్‌ఫార్మేషన్. ఇది కరిగే రకం కాదు" అన్నారు మేడమ్.

అక్క చాలాసేపు తెర వైపే చూసింది. "మరి ఇన్నాళ్లూ మేం దేనికోసం ఆగినట్టండీ?" అని అడిగింది.

ఆ ప్రశ్న తర్వాత నేను ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, డాక్టర్లని విసిగించి మరీ అడిగాను. తేలింది ఇది. తల, మెడ మీద వచ్చే రక్తనాళాల గడ్డల్లో చాలా వరకు కాన్సర్ కావు. కానీ వాటికి తప్పు పేరు పడితే, ఆగకూడని చోట ఆగుతాం, లేదా ముట్టుకోకూడని చోట కత్తి పెట్టిస్తాం.

నరం, గడ్డ, హెమాంజియోమా

తెలుగులో ఈ తికమక మాట దగ్గరే మొదలవుతుంది. రక్తం పారే గొట్టాన్నీ నరమే అంటాం, మెదడు నుంచి వచ్చే తీగనీ నరమే అంటాం, మెడ పట్టేస్తే లాగేదాన్నీ నరమే అంటాం. 'నరాల వాపు' అని ఎవరో అన్నారని నరాల డాక్టర్ దగ్గర నెలరోజులు తిరిగిన వాళ్లు నాకు తెలుసు. గడ్డ సంగతీ అంతే. చీము గడ్డ, కొవ్వు గడ్డ, కాన్సర్ గడ్డ, అన్నీ గడ్డలే. ఆ మాట వినగానే ఇంట్లో అందరికీ ఆఖరిదే గుర్తొస్తుంది.

డాక్టర్ల భాషలోనూ చాలాకాలం ఇదే పరిస్థితి. ఎర్రగానో నీలంగానో ఉండి, రక్తనాళాలతో నిండిన ఉబ్బు ఏదైనా సరే హెమాంజియోమా అనేవారు. 1982లో అమెరికాలో జాన్ మల్లికెన్, జూలీ గ్లోవాకీ అనే ఇద్దరు ఈ ఉబ్బుల్లోని కణాలని మైక్రోస్కోపు కింద పోల్చి చూశారు. కొన్నింటిలో రక్తనాళం లోపలి పొర కణాలు చకచకా విభజన చెందుతున్నాయి. మిగతావాటిలో కణాలు మామూలుగానే ఉన్నాయి, నాళాల అమరికే తేడాగా ఉంది. అంటే మొదటిది కణాలు పెరిగి ఏర్పడే కంతి. రెండోది గర్భంలో నాళాలు తయారయ్యేటప్పుడు జరిగిన పొరపాటు. అంతర్జాతీయంగా ఈ జబ్బులు చూసే డాక్టర్ల సంఘం 1996లో ఈ విభజననే తీసుకుంది. తర్వాత జన్యువుల సమాచారం చేరుస్తూ 2014లోనూ, 2018లోనూ దాన్ని విస్తరించారు.

కంతి అయితే పెరిగే కాలం ఒకటుంటుంది, కొన్ని రకాల్లో తగ్గే కాలం కూడా ఉంటుంది. నాళాల పొరపాటు అయితే తగ్గే కాలమే లేదు. పిల్లతోపాటు అదీ పెరుగుతుంది. ఈడొచ్చేటప్పుడు, గర్భం వచ్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఉన్నట్టుండి ఇంకాస్త ఉబ్బుతుంది. మా మేనకోడలికి జరిగింది అదే. ఫైలులో రాసినది మొదటి రకం పేరు, చెంపలో ఉన్నది రెండో రకం జబ్బు.

తూము, మడి, గెడ్డ

ఈ రెండో రకంలో మళ్లీ రెండు దార్లు. రక్తం మెల్లగా పారేవి, జోరుగా పారేవి. మేఘాద్రి గెడ్డ చూసిన మన ఉత్తరాంధ్ర వాళ్లకి దీన్ని నీళ్లతో పోల్చి చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. తూము ఎత్తితే నీరు జోరుగా కాలువలోకి వస్తుంది. కాలువ పిల్లకాలువలుగా చీలి మళ్లలోకి వెళ్లేసరికి జోరు తగ్గుతుంది. మడి తడిపి మిగిలిన నీరు నింపాదిగా గెడ్డలోకి, అంటే వాగులోకి, దిగుతుంది. ఒంట్లో తూము కాలువ ధమని, మళ్లు కేశనాళికలు, గెడ్డ సిర.

వీనస్ మాల్‌ఫార్మేషన్ అంటే గెడ్డకి గట్టు సరిగ్గా పడకపోవడం. సిర గోడలో ఉండాల్సిన కండర పొర పలచబడి, అక్కడక్కడా లేకుండా ఉంటుంది. నీరు పల్లంలోకి పరుచుకుని నిలిచిపోతుంది. అందుకే తల వంచితే ఉబ్బుతుంది, ఏడిస్తే ఉబ్బుతుంది, రాత్రంతా పడుకుని లేస్తే పొద్దున్న ఎక్కువగా కనిపిస్తుంది. నొక్కితే అణుగుతుంది. నిలవ నీటిలో మడ్డి చేరినట్టు నిలవ రక్తంలో చిన్న గడ్డలు కట్టి, కొన్ని రాళ్లవుతాయి. ఉన్నట్టుండి చెంప గట్టిపడి రెండు మూడు రోజులు నొప్పి పెట్టడానికి కారణం చాలాసార్లు అదే. దాన్నే మేం చీము అనుకుని మాత్రలు మింగించాం.

పెదవి, నాలుక, చెంప వీటికి ఇష్టమైన చోట్లు. మా పిల్లకి నమిలేటప్పుడు బిగుసుకునే దవడ కండరం లోపలే ఉంది. పళ్లు బిగపట్టమంటే ఉబ్బు గట్టిపడుతుంది. పక్కనే లాలాజల గ్రంథి ఉండటంతో దాని వాపుగా పొరబడటం చాలా మామూలు. ఎమ్మారైలో ఒక రకం చిత్రంలో ఇవి తెల్లగా వెలుగుతాయి. ఎంత లోతుకి పాకాయో, ముఖం కదిలించే నరానికి ఎంత దగ్గరగా ఉన్నాయో అందులోనే తెలుస్తుంది. అది చూడకుండా వైద్యం మొదలుపెట్టకూడదు.

ఎందుకొస్తుంది అన్నది ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. టై-2 అనే జన్యువులో మార్పుకీ ఈ జబ్బుకీ ఉన్న లంకెని మొదట 1996లో, వంశంలో నడిచే అరుదైన కేసుల్లో పట్టుకున్నారు. తర్వాత మామూలు కేసుల్లోనూ అదే జన్యువు దొరికింది. కాకపోతే ఆ మార్పు ఒళ్లంతా ఉండదు. గర్భంలో బిడ్డ తయారయ్యే దశలో ఒకానొక కణంలో జరిగి, దాని నుంచి వచ్చిన కొద్ది భాగంలోనే ఉంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చింది కాదు.

ఇది గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ముఖం మీద ద్రాక్షసారా రంగు మచ్చతో పుట్టిన బిడ్డని చూసి, "గ్రహణం రోజున బయట తిరిగుంటుంది" అని తల్లినే అనడం మన వైపు ఇప్పటికీ ఉంది. ఆ మచ్చ కేశనాళికల పొరపాటు, పోర్ట్ వైన్ స్టెయిన్ అంటారు. జీఎన్ఏక్యూ అనే జన్యువులో ఒక్క అక్షరం మారడమే దానికి కారణమని 2013లో బయటపడింది. ఏ తల్లీ ఏ గ్రహణం నాడూ చేయగలిగింది, ఆపగలిగింది కాదది. పట్టించుకోవాల్సిన సంగతి వేరే ఉంది. మచ్చ నుదురు మీద, పైరెప్ప మీద ఉంటే మెదడు పైపొరలోనూ, కంట్లోనూ అదే పొరపాటు ఉండే అవకాశం ఉంది. ఫిట్స్ రావచ్చు, కంట్లో ప్రెషర్ పెరిగి చూపు పోవచ్చు. అలాంటి బిడ్డకి పుట్టిన కొద్ది రోజుల్లోనే కంటి డాక్టర్ పరీక్ష కావాలి. మచ్చకి పల్స్‌డ్ డై లేజర్ ఉంది, చిన్న వయసులో మొదలుపెడితే బాగా పలచబడుతుంది.

మెల్లగా పారేవాటిలో మూడోది లింఫాటిక్ మాల్‌ఫార్మేషన్. ఇందులో ఉండేది రక్తం కాదు, లింఫ్ ద్రవం. పాత పేరు సిస్టిక్ హైగ్రోమా. పసిబిడ్డ మెడ పక్కన నీటి బుడగలా వేలాడుతుంది, చీకట్లో టార్చి వేస్తే వెలుతురు అవతలికి కనిపిస్తుంది. జలుబు చేసినా గొంతు నొప్పి వచ్చినా ఒక్కసారిగా ఉబ్బి భయపెడుతుంది. నాలుక కింద, గొంతు దగ్గర ఉంటే ఊపిరికే అడ్డం. బుడగలు పెద్దవైతే మందు ఎక్కించి ఎండబెట్టడం తేలిక, సన్నటివి నాలుకలోకి పాకితే చాలా మొండివి. అలాంటివాటికి ఈమధ్య సిరోలిమస్ అనే మాత్ర బాగానే పనిచేస్తోంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కాబట్టి రక్తంలో దాని మోతాదు చూసుకుంటూ వాడతారు.

నిజంగా కరిగేది ఏది?

"కరిగిపోతుంది" అన్న మాట అబద్ధం కాదు. ఆ మాట చెందాల్సిన జబ్బు వేరు. అది ఇన్‌ఫాంటైల్ హెమాంజియోమా. నూటికి నలుగురైదుగురు పసిపిల్లల్లో కనిపిస్తుంది, ఆడపిల్లల్లోనూ నెలలు నిండకుండా పుట్టినవాళ్లలోనూ ఎక్కువ. పుట్టినప్పుడు ఉండదు, లేదా గోరు గీసుకున్నంత ఎర్రటి జాడ ఉంటుంది. రెండు మూడు వారాల్లో పండిన స్ట్రాబెర్రీలా పైకి లేస్తుంది. ఐదో నెలకల్లా చేరాల్సిన సైజులో చాలా భాగం చేరిపోతుంది. ఏడాది దాటాక రంగు మాసి, మెత్తబడి, నాలుగేళ్లొచ్చేసరికి చాలా మందిలో అణగారిపోతుంది.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది, పాత బారసాల ఫోటోలు బయటికి తీయండి అని. ఇరవై ఒకటో రోజున తీసిన ఫోటోలో ఏముంది, మూడో నెలలో ఏముంది, ఏడాదికి ఏమైంది? ఫోన్లో తేదీలతో సహా ఉన్న ఆ ఫోటోలు ఒక్కోసారి స్కాన్ కంటే ముందే జబ్బు పేరు చెబుతాయి. మా అక్క పాత ఆల్బమ్ వెతికితే బారసాల ఫోటోలోనే ఎడమ చెంప కాస్త బొద్దుగా ఉంది. ముద్దుగా ఉందని అప్పుడు అందరూ మురిసిపోయారు.

కరిగే రకమే అయినా అన్నిసార్లూ చేతులు కట్టుకు కూర్చోకూడదు. రెప్ప మీద ఉండి కన్ను మూసేస్తుంటే ఆ కన్ను చూడటం నేర్చుకోదు. పెదవి మీదైతే పుండు పడి బిడ్డ పాలు తాగలేదు. ముక్కు కొన మీదైతే మృదులాస్థి ఆకారం చెడుతుంది. అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది గడ్డం, దవడల చుట్టూ, అంటే మగవాళ్లకి గడ్డం మొలిచే చోట పరుచుకున్నది. అలాంటి బిడ్డ గొంతు లోపల కూడా ఒకటి ఉండొచ్చు. ఊపిరి తీసేటప్పుడు కీచుమని చప్పుడొస్తే అది జలుబు గురక అనుకోకండి, ఆ రోజే పెద్దాస్పత్రికి తీసుకెళ్లండి.

వీటికి మందు దొరికిన తీరు నాకు చాలా ఇష్టం. ఫ్రాన్స్‌లోని బోర్డోలో ముక్కు మీద హెమాంజియోమా ఉన్న ఒక బిడ్డకి స్టెరాయిడ్లు ఇస్తున్నారు. వాటివల్ల గుండె కండరం మందమైంది. గుండె కోసం ప్రొప్రానొలాల్ మొదలుపెట్టారు. మర్నాటికే ఎర్రటి గడ్డ రంగు మారి మెత్తబడింది. క్రిస్టీన్ లియోటే లాబ్రేజ్ అనే డాక్టరమ్మ, ఆమెతో పనిచేసినవాళ్లు అది గమనించి, ఇంకొందరు పిల్లల్లో చూసి 2008లో ప్రచురించారు. బీపీకీ గుండెదడకీ దశాబ్దాలుగా వాడుతున్న పాత మందు అది, చవక కూడా. ఇప్పుడు ఇదే మొదటి మందు. అయితే చక్కెర పడిపోకుండా బిడ్డకి పాలు పట్టాకే ఇవ్వాలి, వాంతులై పాలు తాగకపోతే ఆ పూట ఆపాలి, గుండె వేగం చూడాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసే మందు కాదు. మా మేనకోడలి లాంటి సిరల జబ్బుకి ఇది పనిచేయదు కూడా.

తూముకీ గెడ్డకీ గండి పడితే

ఇప్పటిదాకా చెప్పినవాటిలో జోరు లేదు. జోరున్నది ఆర్టీరియోవీనస్ మాల్‌ఫార్మేషన్. మధ్యలో మళ్లు లేకుండా తూము నీరు నేరుగా గెడ్డలో పడుతుంది. గెడ్డ గట్లు కోతకి గురవుతాయి, పక్కన పొలం మాత్రం ఎండిపోతుంది. ఒంట్లోనూ అంతే. సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, పై చర్మానికి రక్తం అందక పుండు పడుతుంది. చెవి, చెంప, మాడు మీద ఎక్కువగా వస్తుంది. చెయ్యి పెడితే వేడిగా ఉంటుంది, వేలి కింద కొట్టుకుంటుంది. స్టెతస్కోపు పెడితే ఈల వేసినట్టు హోరు. చిన్నతనంలో మామూలు ఎర్ర మచ్చలా ఉండి, ఈడొచ్చాక విజృంభిస్తుంది. దీన్ని 1990 నుంచి నాలుగు దశలుగా లెక్కిస్తున్నారు, ఆఖరి దశలో గుండె మీదే భారం పడుతుంది.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, రక్తం తెచ్చే ధమనిని కట్టేయడం. తూము మూసేస్తే నీరు ఆగాలి కదా అనిపిస్తుంది. కానీ లోపలి చిక్కుముడి అలాగే ఉండి, చుట్టుపక్కల ఉన్న ప్రతి చిన్న ధమని నుంచీ రక్తం లాక్కుంటుంది. పైగా తర్వాత ఆ దారిలో ట్యూబు పంపి వైద్యం చేసే వీలు కూడా పోతుంది. సరైన పద్ధతి, తొడ దగ్గరి నుంచి సన్నటి ట్యూబు పంపి ఆ ముడినే జిగురు లాంటి పదార్థంతో పూడ్చి, వీలున్న చోట దాన్ని పూర్తిగా కోసి తీసేయడం. సగం కోసి వదిలేస్తే మళ్లీ వస్తుంది, ముందుకంటే మొండిగా.

దవడ ఎముక లోపల ఇది ఉంటే పైకి ఏమీ కనబడదు. పన్ను కదులుతుంది, చిగురు నుంచి అప్పుడప్పుడు రక్తం. మామూలు పన్నే అని పీకితే ఆగని రక్తస్రావం, ప్రాణం మీదికి వస్తుంది. కారణం లేకుండా పన్ను కదులుతూ, నొక్కితే నాడిలా కొట్టుకుంటుంటే ఎక్స్‌రే, స్కాన్ అయ్యేదాకా పీకనివ్వకండి. అరుదే, కానీ ఆ ఒక్కటీ ఎవరింట్లో ఉంటుందో ముందు తెలియదు.

సూది పెట్టడానికి ముందు

ఏ గడ్డకైనా మన దగ్గర మొదటి అడుగు సూది పరీక్ష. మెడ మీద బిళ్ళ కడితే టీబీయో కాదో చూడటానికి రోజూ చేస్తుంటారు, అది మంచి పరీక్షే. కానీ ఏ పుట్టలో ఏ పాముందో చూడకుండా చెయ్యి పెట్టకూడని గడ్డలు మెడలో, ముక్కులో కొన్ని ఉన్నాయి.

మొదటిది ఆంజియోఫైబ్రోమా. ఇది దాదాపుగా 10 నుంచి 20 ఏళ్ల మగపిల్లల జబ్బు. తల, మెడ కంతుల్లో దీని వాటా అర శాతం మించదు. ఎండాకాలంలో పిల్లల ముక్కు నుంచి రక్తం కారడం మామూలే, అది ముక్కు ముందు భాగంలో పగిలే చిన్న నాళం, నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. అలా కాకుండా కుర్రాడికి ఒకే ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉండి, నొప్పి లేకుండా మాటిమాటికీ ధారగా రక్తం పోతుంటే ముక్కు వెనక చూడాలి. అక్కడ గుమ్మడిగింజంత సందులో మొదలై, ముక్కంతా నిండి, చెంప ఎముక వెనకకీ కంటి గూటిలోకీ పుర్రె అడుగుకీ తోసుకుపోతుంది. కాన్సర్ కాదు కానీ ఎముకని అరగదీసుకుంటూ వెళ్తుంది. దీని నాళాలకి ముడుచుకునే కండరం ఉండదు. పాలిప్, అంటే ముక్కులో పెరిగే మామూలు మెత్తటి కండ, అనుకుని ఓపీలో ముక్క తీస్తే రక్తం ఆగదు. సీటీ, ఎమ్మారై చూస్తే చాలు, ముక్క పరీక్ష అక్కర్లేదు. ఆపరేషన్‌కి ఒకట్రెండు రోజుల ముందు రక్తం తెచ్చే ధమనులని ట్యూబుతో మూసి, తర్వాత ఎండోస్కోపీతో తీస్తారు. మళ్లీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి కొన్నేళ్ల పాటు స్కాన్లు తప్పవు.

రెండోది కెరోటిడ్ బాడీ ట్యూమర్. మెదడుకి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని మెడలో రెండుగా చీలే చోట బియ్యపు గింజంత కణజాలం ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టడం దాని పని. అది పెరిగితే దవడ మూల కింద నొప్పి లేని గడ్డగా ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. పక్కలకి జరిపితే జరుగుతుంది, పైకీ కిందకీ జరగదు, ఎందుకంటే నిలువు ధమనికి అంటుకుని ఉంటుంది. స్కాన్లో చూస్తే పంగలకర్ర రెండు కొమ్మల మధ్య బంతి ఇరికించినట్టు ఉంటుంది. దీన్ని టీబీ బిళ్ళ అనుకుని లావు సూదితో ముక్క తీయబోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. సూదికి ముందు ఒక్క డాప్లర్ స్కాన్ చేస్తే పది నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

ఈ కంతి గురించి ఒక మాట సరిచేసుకోవాలి. దీన్ని పూర్తిగా నిరపాయమైనదని ఇప్పుడు అనడం లేదు. కొద్దిమందిలో వేరే చోటికి పాకుతుంది, అందుకే ఆపరేషన్ అయ్యాక కూడా చూపించుకుంటూ ఉండాలి. కొన్ని కుటుంబాల్లో ఎస్‌డీహెచ్ అనే జన్యువుల ద్వారా నడుస్తుంది, వాటిలో ఒక రకం తండ్రి వైపు నుంచి వస్తేనే జబ్బవుతుంది. బాబాయికో మేనత్తకో మెడలో ఇలాంటి ఆపరేషన్ అయిందంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఇదే జాతి కంతి చెవి లోపల వస్తే, చెవిలో గుండె కొట్టుకుంటున్నట్టు లయగా చప్పుడు వినిపిస్తుంది. వయసుతో వచ్చే మామూలు చెవి హోరు లయగా ఉండదు. నాడి పట్టుకుని చూసుకోండి. చప్పుడూ నాడీ కలిసి కొట్టుకుంటే ఈఎన్‌టీ డాక్టర్‌కి చెప్పాల్సిన మాట అదే.

మిగతావాటిలో చాలా వరకు పేరుకే భయం. గర్భిణికి చిగురు మీద ఎర్రటి బుడిపె లేచి బ్రష్ తగిలితే రక్తం కారుతుంది, పయోజెనిక్ గ్రాన్యులోమా అంటారు. అందులో చీమూ ఉండదు, అది గ్రాన్యులోమా కూడా కాదు, పాత పేరు అలా నిలిచిపోయింది. కాన్పయ్యాక చాలాసార్లు తగ్గిపోతుంది. బీచ్‌లో క్రికెట్ ఆడుతుంటే బంతి కణతకి తగిలి, వాపు తగ్గిన కొన్ని వారాలకి అక్కడే బఠాణీ అంత గడ్డ కొట్టుకుంటూ కనిపిస్తే అది ధమని గోడ చిట్లి ఏర్పడిన సంచి. చిన్న ఆపరేషన్‌తో పోతుంది, ఇంట్లో మాత్రం పిండకూడదు. చెవి చుట్టూ దురద పెట్టే ఎర్రటి కణుపులు, కొందరిలో రక్తంలో ఇసినోఫిల్స్ అనే తెల్ల కణాలు ఎక్కువగా ఉండటం, ఇదొక అరుదైన రకం. అక్కడ మాత్రం ముక్క పరీక్ష చేయించాల్సిందే, ఎందుకంటే దాన్ని పోలిన కిమురా అనే జబ్బు వేరు, దానికి మూత్రపిండాలు కూడా చూడాలి.

విశాఖలో ఎవరి దగ్గరికి?

శ్రీకాకుళం నుంచి, పాడేరు నుంచి, అటు కోరాపుట్ నుంచి కూడా జబ్బు ముదిరితే చేరే ఊరు ఇదే. 1923 నాటి ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) దగ్గర నుంచి ప్రైవేటు ఆస్పత్రుల దాకా అన్నీ ఉన్నాయి. చిక్కేమిటంటే ఈ జబ్బు ఏ ఒక్క విభాగానిదీ కాదు. చర్మం డాక్టర్ రంగు చూస్తారు, ఈఎన్‌టీ డాక్టర్ చోటు చూస్తారు, పిల్లల సర్జన్ వయసు చూస్తారు. మా అనుభవంలో మొత్తం కలిపి చూసింది రేడియాలజిస్టు. అందుకే తలుపు ఏదైనా అడగాల్సిన ప్రశ్నలు రెండు: ఇది కంతా, నాళాల పొరపాటా? రక్తం జోరుగా ఉందా, మెల్లగా ఉందా? ఆ రెండింటికీ జవాబు లేకుండా కోయడానికి డేట్ ఇస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు. సిరల రకమైతే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, అంటే తెర మీద చూస్తూ సూదితో, ట్యూబుతో వైద్యం చేసే డాక్టర్, ఉన్న చోటికి వెళ్లాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు మీద వైద్యం అవుతుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రని అడగాలన్నా జబ్బు పేరు, చేసే ప్రొసీజర్ పేరు సరిగ్గా రాయించుకుని వెళ్తేనే పని జరుగుతుంది.

మా పిల్లకి స్క్లెరోథెరపీ చేశారు. ముందు రక్తం గడ్డకట్టే పరీక్షలు చూశారు. మత్తు ఇచ్చి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, సన్న సూదితో ఆ గుంటల్లోకి మందు ఎక్కించారు. ఆ మందు లోపలి పొరని దెబ్బతీసి, గుంట గోడలు ఒకదానికొకటి అంటుకునేలా చేస్తుంది. మొదటి వారం చెంప ముందుకంటే రెట్టింపు వాచింది. అలా అవుతుందని ముందే చెప్పినా అక్క రాత్రంతా దీపం ఆర్పకుండా కూర్చుంది. పది రోజులకి దిగింది. రెండేసి నెలల ఎడంతో మూడుసార్లు చేశారు. పూర్తిగా పోలేదు, పోతుందని వాళ్లు చెప్పలేదు కూడా. మళ్లీ ఉబ్బితే మళ్లీ చేయించుకోవాలి. రెండు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటుంది, పొద్దున్న వాపు తక్కువగా ఉంటోంది.

ఫైలుకి కొత్త అట్ట వేసుకుంది. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాల్లో రాసుకుంది: వీనస్ మాల్‌ఫార్మేషన్, ఎడమ దవడ కండరం, స్లో ఫ్లో. మొన్న పంటి నొప్పికి డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే, కుర్చీలో కూర్చోకముందే ఆ ఫైలు ఆయన చేతికిచ్చి, "ఇది చదవండి సార్, తర్వాత నోరు తెరుస్తాను" అందట.